నేను పిలిచిన బంద్

తెలంగాణ ఉద్యమం రోజుల్లో తార్నాకలో ఏ బంద్‌కు ఎవరు పిలుపునిచ్చారో పేపర్లలో చదివే ఉంటారు. ఒక్క బంద్ మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు. అది మా వీధిలోనే పుట్టింది. దానికి పిలుపునిచ్చినవాడు గోదావరి జిల్లా నుంచి వచ్చి, రైల్వే ఆఫీసులో గుమాస్తాగా స్థిరపడ్డ వెంకటసుబ్బారావు. అంటే నేనే. అప్పుడే నవ్వకండి, ఇంకా మొదలే పెట్టలేదు.

మా ఆవిడ అరుంధతి స్కూల్లో టీచరు. నలభై నాలుగో ఏట ఆమెకు మళ్లీ చదువు మీద మనసు పుట్టి యూనివర్సిటీలో ఎం.ఏ.లో చేరింది. సబ్జెక్టు ఏమిటంటే "వృత్తి నీతి, అనువర్తిత నీతిశాస్త్రం" అంది. ఇంటర్‌తో ఆగినవాణ్ణి, ఆ పేరు పలకడానికే నాకు వారం పట్టింది.

"నీతికి ఎం.ఏ. ఏమిటే? అబద్ధమాడకు, దొంగతనం చేయకు అని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. రెండే లైన్లు."

"ఆ రెండు లైన్లు డాక్టరు రోగి దగ్గర ఎలా పాటించాలి, ఇంజనీరు వంతెన దగ్గర ఎలా పాటించాలి, అదే రెండేళ్ల చదువండీ."

"మరి మొగుడు పెళ్లాం దగ్గర?"

"దానికి థియరీ లేదు. అన్నీ ప్రాక్టికల్సే."

ఆమెకు సీటొస్తే సత్యనారాయణ వ్రతం చేయిస్తానని మొక్కుకున్నది నేనే. సీటొచ్చి ఏడాది దాటినా రాస్తారోకోల మధ్య మొక్కు అలాగే ఉండిపోయింది. చివరికి ఒక పౌర్ణమి నాడు ఉదయం పదకొండింటికి ముహూర్తం పెట్టించాను. మల్కాజ్‌గిరి నుంచి శాస్త్రిగారు వస్తారు. ఐదు కథలూ ముప్పావు గంటలో ముగిస్తారని ఆయన్ని అందరూ ఎక్స్‌ప్రెస్ శాస్త్రి అంటారు. ఆఫీసు నుంచి పద్దెనిమిది మందిని భోజనానికి పిలిచాను. అన్నీ అయ్యాక ఇంట్లో చెప్పాను. నా పద్ధతే అంత.

"ఆ రోజు పదకొండింటికే నా సెమినార్," అంది అరుంధతి. "అది చెప్పకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఇప్పటికే మూడుసార్లు వాయిదా పడింది. మేడమ్ మర్నాడే ఊరెళ్తున్నారు. వ్రతం సాయంత్రం చేసుకుందామండీ."

"సాయంత్రం ఎక్స్‌ప్రెస్ ఖాళీ లేదు. ఆరిళ్లలో స్టాపులున్నాయి."

"అయితే మీరొక్కరే పీటల మీద కూర్చోండి."

"పక్క పీట మీద ఎవరే?"

"రైల్వేవాళ్లేగా, ఒక బెర్తు ఖాళీగా పోనివ్వండి."

రెండు రోజులు ఆలోచించాను. ఆమె లేకపోతే వ్రతమూ లేదు, పద్దెనిమిది మందికి పులిహోరా లేదు. ముందురోజు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే, చెప్పులు విడుస్తూ, చాలా మామూలుగా అన్నాను.

"రేపు బంద్‌ట. క్యాంపస్ కూడా మూసేస్తారట."

ఆ రోజుల్లో ఆ మాటకు సాక్ష్యం అక్కర్లేదు. వాన పడేలా ఉందన్నట్టు ఎవరైనా అనొచ్చు. అరుంధతి కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఎవరు పిలిచారు?"

"అందరూ."

"అయ్యో, అలాగా," అని లోపలికి వెళ్లిపోయింది.

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అంత తేలిగ్గా గెలవడం అదే మొదలు. అనుమానం రావలసిందే. రాలేదు. పావుగంటకు ఒక కాగితం పట్టుకొచ్చింది.

"కాలేజీ కాగితం. చదివి సంతకం పెట్టండి."

"ఇటివ్వు."

"చదివి పెట్టమన్నాను."

"నీ మీద నాకు నమ్మకం లేదా ఏం?"

"నమ్మకం సంగతి కాదు, చదవండి. ఇది మూడోసారి చెప్పడం. గుర్తుంచుకోండి."

అబద్ధం అప్పుడే ఆడి ఉన్నవాడికి మనసంతా ఉదారంగా ఉంటుంది. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం గీకేశాను.

మెట్ల దగ్గర మా ఇంటి ఓనరు అమృతమ్మ నిలబడి ఉంది. జనగామ వైపు రైతు కుటుంబం, మంచి మనిషి. వీధిలో ఏ వార్తయినా ఆమె చెవిన పడ్డాకే అందరికీ చేరుతుంది.

"ఏంది సారూ, రేపు బందా?"

వెనక గదిలో అరుంధతి ఉంది. బంద్ లేదని చెబితే దొరికిపోతాను.

"ఆఁ... అంటున్నారండీ."

ఆమె అప్పుడే సెల్‌ఫోన్ తీసింది. వారాసిగూడలో వాళ్ల చెల్లెలుంది. ఆ చెల్లెలికి మౌలాలిలో ఆడబిడ్డ ఉంది. నేను మాత్రం పులిహోర కలలు కంటూ పడుకున్నాను.

తెల్లవారి స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, ప్రసాదానికి రవ్వ, పాలు తెద్దామని సంచి పట్టుకుని దిగాను. బిక్షం కిరాణా షాపు షట్టరు దించి ఉంది. పక్కన ఇస్త్రీ బండి లేదు. ఎదురుగా పాల బూత్‌కు తాళం. బిక్షం అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"బిక్షం, కొంచెం షట్టరు ఎత్తు. రెండు కిలోల రవ్వ కావాలి."

"బంద్ గద సార్."

నేను ఒంగి, గొంతు తగ్గించి, "బంద్ లేదు బిక్షం," అన్నాను.

"గట్లంటరేంది? మీరే గద చెప్పింది! ఆంధ్ర సారే బంద్ అంటుండు, ఇగ మనమెంత అన్నది అమృతమ్మ. మీరు బంద్ పాటిస్తుంటే నేను దుకాణం తెరిస్తే నా ఇజ్జత్ ఏమైతది?"

"ఒక్క అడుగు ఎత్తు, చాలు."

"సార్, మీరు నన్ను పరీక్ష చేస్తున్నరు. నేను ఎత్త."

అంతలో శాస్త్రిగారి ఫోను. "బంద్ అట కదా నాయనా! మా ఆటోవాడు రానంటున్నాడు. నువ్వు స్పీకరు పెట్టుకో, కథ ఇక్కణ్ణుంచే చెబుతాను."

తర్వాత ఆఫీసువాళ్లు వరసగా చేశారు. పద్దెనిమిది మందీ ఒకే మాట. జాగ్రత్త సుబ్బారావ్, బయటికి రాకు.

నీరసంగా ఇంటికొచ్చేసరికి అరుంధతి లేదు. దేవుడి గది తలుపుకు చీటీ అంటించి ఉంది. "సెమినార్‌కు వెళ్తున్నాను. బంద్ కదా, బస్సులుండవని నడిచే వెళ్తున్నాను."

నిజం చెప్పొద్దూ, స్వామి పటం వైపు చూడటానికి నాకు మొహం చెల్లలేదు. సీటు ఇప్పించమని మొక్కి, ఆ సీటుకే నేను ఎసరు పెడితే ఆయన ఎవరి పక్షాన ఉంటాడు? పైగా ఆయన పేరులోనే సత్యం ఉంది. ఎవరైనా అబద్ధమాడితే దాన్నే నిజం చేసి చూపిస్తాడని ప్రతి వ్రతంలోనూ వింటూనే ఉన్నాను. ఏం లాభం? విన్నదంతా ప్రసాదం కోసమేనా అని నాకే అనుమానమొచ్చింది.

ఇంతలో కింద నుంచి అమృతమ్మ కేక.

"సారూ! బంద్ నాడు ఇంట్ల కూసుంటరా? దిగుండ్రి. వంటా వార్పు!"

దిగి చూద్దును కదా, వీధి మధ్యలో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద నా నడుమంత గిన్నె, చుట్టూ వీధి వీధంతా. రోడ్డు మీదే వండుకుని అక్కడే తినడం, అదీ ఉద్యమంలో ఒక పద్ధతి.

"చూడుండ్రి, పట్టుపంచె గట్టుకొని వచ్చిండు! ఎంత నిష్ఠ!" అని అమృతమ్మ నా చేతికి గరిటె ఇచ్చింది. నేను ఆఫీసులో ఫైలు తప్ప ఎప్పుడూ ఏదీ తిప్పి ఎరగను. కిచిడీ కలుపుతూ నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఒంటిగంట దాటాక వీధి మలుపులో అరుంధతి కనిపించింది. పక్కన ఆమె క్లాస్‌మేటు కరుణ. హాస్టల్లో ఉండే పిల్ల, విద్యార్థి జేఏసీలో చురుకైన మనిషి. వీధిని చూసి ఆగిపోయింది.

"ఏందిది? బంద్ ఎవలు పిలిచిన్రు? జేఏసీల నేనే ఉన్న, నాకే తెల్వది!"

చేతులన్నీ నా వైపు తిరిగాయి. గరిటె దాచుకునే చోటు లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అంటే నా దుకాణం పొద్దటిసంది ఉత్తగనే మూసిన్నా?" అన్నాడు బిక్షం.

అమృతమ్మ ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని అరుగు మీద కూలబడి నవ్వింది.

"పెండ్లానికి భయపడి తార్నాక బంద్ జేసిండు! ఇసొంటి లీడరును యాడ చూడలే!"

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను అరుంధతితో.

"మీరు 'అందరూ' అన్నప్పుడే. వెంటనే కరుణకు ఫోన్ చేశాను."

"సెమినార్ మస్తుగ అయింది అంకుల్," అంది కరుణ. "అక్క కేస్ స్టడీ చెప్తుంటే మేడమ్ గూడ నవ్వింది. ఇంట్ల ఆడే చిన్న అబద్ధం అనేది టాపిక్."

"కేస్ స్టడీ... ఎవరిది?"

అరుంధతి బ్యాగులోంచి కాగితం తీసి నా ముందు పట్టుకుంది. నా సంతకమే. దాని పైన రాసింది అప్పుడు చదివాను. నా మాటలను, ప్రవర్తనను పేరు మార్చి తరగతిలో చర్చించడానికి నేను మనస్ఫూర్తిగా సమ్మతిస్తున్నాను.

"మనిషికి చెప్పకుండా అతని సంగతి వాడుకోకూడదండీ. మా చదువులో అది మొదటి పాఠం. మూడుసార్లు చదవమన్నాను."

బిక్షం షట్టరు ఎత్తాడు. రవ్వ తూచి ఇస్తూ, "సార్, మల్ల ఎప్పుడన్న బంద్ పెట్టేదుంటే నాకు ముందుగాల చెప్పుండ్రి, అమ్మనీకి పాలు కొనకుంట ఉంట," అన్నాడు.

సాయంత్రం ఐదింటికి శాస్త్రిగారే ఫోన్ చేశారు. బంద్ అని ఆరిళ్లవాళ్లూ వద్దన్నారట, ఖాళీగా ఉన్నానన్నారు. అలా వ్రతం అరుంధతి అడిగిన వేళకే జరిగింది. ఆఫీసువాళ్ల బదులు వీధంతా వచ్చింది. ఆడిన అబద్ధమే నిజమైపోయే ఘట్టం దగ్గరికి కథ రాగానే అందరూ దండ వేసిన స్వామిని వదిలేసి నన్ను చూశారు.

హారతి వెలిగించారు. పక్క పీట మీదున్న అరుంధతి వైపు కొంచెం ఒరిగి, మెల్లగా అడిగాను.

"కాగితంలో పేరు మార్చి అని ఉంది. ఏం పేరు పెట్టావే?"

"సత్యనారాయణ."

హారతి పళ్లెం నా ముందుకొచ్చింది. రెండు చెంపలూ గట్టిగా వేసుకున్నాను. ఎంత భక్తో అనుకున్నారు ఎక్స్‌ప్రెస్ శాస్త్రిగారు.