నోరు మూసుకుని తాగే కాఫీ

నోరు మూయించి కూర్చోబెట్టి ముప్పై రూపాయలు పుచ్చుకునే చోటు చంద్రపూర్‌కు ఇన్నాళ్ళకు వచ్చింది. మన ఊరికి ఇంతకుమించిన ఉపకారం ఇంకొకటి జరగలేదు!

నవ్వకండి. నేను చాలా గంభీరంగా చెబుతున్నాను.

దేశం తలుపులు తెరిచి ఏడేళ్ళయింది. ఆ తలుపుల్లోంచి నాగ్‌పూర్‌కు పిజ్జా వచ్చింది. పుణెకు కంప్యూటర్లు వచ్చాయి. మనకేమొచ్చింది? బొగ్గు దుమ్ము. అది అంతకుముందూ ఉంది. అలాంటి ఊళ్ళో, అందులోనూ లాల్‌పేట్ గని గేటుకు ఎదురుగా, ఏకంగా జపానే వచ్చి దిగితే పొంగిపోవద్దూ?

దించినవాడు శ్రావణ్‌కుమార్. సిమెంటు డీలరు. తాతల నాడు కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వ్యాపార కుటుంబం. ఎక్కువ బస్తాలు అమ్మిన డీలర్లను కంపెనీ పోయినేడాది జపాన్ తిప్పి తెచ్చింది. నగోయా నగరం, ఏడు రోజులు. తక్కిన డీలర్లు కెమెరాలు, క్యాలిక్యులేటర్లు తెచ్చుకున్నారు. శ్రావణ్‌కుమార్ సంస్కృతిని తెచ్చాడు.

నగోయాలో పాతకాలపు కాఫీ హోటళ్ళు సందుకొకటి ఉంటాయట. పొద్దున పూట కాఫీ అడిగితే రొట్టె, గుడ్డు ఊరికే పెడతారట. కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి వేడి తువ్వాలు ఇస్తారట. ఒక హోటల్లోనైతే పెద్ద స్పీకర్లలో పాత రికార్డులు వేస్తారట. వినేవాళ్ళకు అడ్డం రాకూడదని అక్కడ ఎవరూ మాట్లాడరట.

శ్రావణ్‌కుమార్ అన్నిటికీ ఫొటోలు తీసుకున్నాడు. తిరిగొచ్చి, గని గేటు ఎదుట ఉన్న తన సిమెంటు గోదాము ఖాళీ చేయించి, 'నగోయా కాఫీ హౌస్' తెరిచాడు. అక్కడివాళ్ళు పాటల కోసం మాటలు మానేశారు. మనవాడు స్పీకర్ల ధర కనుక్కుని పాటలు మానేశాడు. మాటలు మాత్రం ఎలాగూ వద్దన్నాడు. 'మాట్లాడరాదు' అని మరాఠీలో, హిందీలో, ఇంగ్లీషులో బోర్డు పెట్టాడు. వ్యాపార దక్షత అంటే అదీ!

ఇక సౌకర్యాలు చూడండి.

మే నెల. బయట నలభై ఆరు డిగ్రీలు. చెమటలు కారుతూ లోపలికి అడుగుపెడతారు. పొగలు కక్కుతున్న తువ్వాలు చేతిలో పెడతారు. ఆ క్షణంలో బయటి ఎండ ఎంత చల్లగా ఉండేదో మీకు తెలిసొస్తుంది. ఇంత జ్ఞానం ఏ ఏసీ గది ఇస్తుంది?

కాఫీ గాజు బుడ్డీల్లో కాస్తారు. కింద స్పిరిట్ దీపం, పైన గొట్టం. కాలేజీల ప్రయోగశాలలకు సామాను అమ్మే నాగ్‌పూర్ దుకాణం నుంచి తెప్పించారు. కాఫీ కిందికి దిగడానికి పావుగంట పడుతుంది. మా పక్క బల్ల మీది రిటైర్డ్ సైన్సు మాస్టారు ఆ పావుగంటా లేచి నిలబడ్డాడు, పాపం, అలవాటు కొద్దీ.

రొట్టె మీద ఎర్ర గింజల తీపి ముద్ద పూసి పెట్టడం నగోయా పద్ధతి. ఆ గింజలు ఇక్కడ దొరకవు. వంటమనిషి శనగపప్పు ఉడకబెట్టి బెల్లం వేసి రుబ్బింది. అంటే ఏమిటి? బొబ్బట్టు విప్పి, లోపలి పూర్ణం తీసి, బ్రెడ్డుకు పూసి, పన్నెండు రూపాయలు! మన అమ్మమ్మలు ఇన్నేళ్ళూ తమకు తెలియకుండానే జపాన్ వంట చేశారన్నమాట. గర్వంగా లేదూ?

అన్నిటికన్నా గొప్పది గోడ.

నగోయాలో ఒక పాత హోటల్ తలుపు మీద నల్ల సిరాతో రాసిన పెద్ద కాగితం శ్రావణ్‌కుమార్ కంట పడింది. అక్షరాలు ఎంత బాగున్నాయంటే దానికి నాలుగు ఫొటోలు తీశాడు. ఇక్కడికొచ్చాక గట్టయ్యను పిలిచాడు. గట్టయ్య లారీల వెనక రాతలు, ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు రాసే పెయింటరు. ఫొటో చూసి, గీతలు లెక్కపెట్టుకుంటూ, తొమ్మిది రోజుల్లో ఆ కాగితాన్ని పదడుగుల ఎత్తున గోడకెక్కించాడు.

"ఏం రాసున్నది సేటూ దీంట్ల?" అని అడిగాడట గట్టయ్య.

"ఏముంటదిరా, దుకాణం తలుపు మీద? రండ్రి, కూసోండ్రి అనే ఉంటది."

నిజమే కదా. ఇంకేముంటుంది? అయినా చదివేవాళ్ళెవరు? మరాఠీ బడుల్లో చదివే మన పిల్లలకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. తెలుగు బోర్డు చూపించినా, జపాన్ బోర్డు చూపించినా ఒకే గౌరవంతో తల పైకెత్తి చూస్తారు. గోడ అందానికి ఇంతకన్నా నిష్పాక్షికమైన ప్రేక్షకులు దొరకరు.

ఇంత నాగరికతకు ఒక్కటే మచ్చ. పక్కనే సారయ్య హోటలు.

రేకుల కప్పు, నాలుగు బెంచీలు, ఒక పెద్ద పొయ్యి. సారయ్య చాయ్ కాస్తాడు. భార్య రుక్కమ్మ గ్లాసులు అందిస్తుంది. ఆ హోటలు మీద నా ఆరోపణలు ఇవి. మొదటిది, అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడతారు. రెండోది, చాయ్ రెండు నిమిషాల్లో వస్తుంది. మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఉండదు. మూడోది, వింటే మీరే ఆశ్చర్యపోతారు.

మొదటి షిఫ్టు నాలుగింటికి వదులుతారు. గనిలోంచి పైకొచ్చిన బ్యాచి బ్యాచంతా సారయ్య దగ్గర కూర్చుంటుంది. ఎనిమిది మంది బ్యాచి అయితే రుక్కమ్మ ఎనిమిది గ్లాసులు పోస్తుంది. ఏడుగురే వచ్చినా సరే, ఎనిమిది! రానివాడి గ్లాసు మీద సాసర్ బోర్లిస్తుంది. వాడొచ్చి సాసర్ ఎత్తేదాకా తక్కిన ఏడుగురు బెంచీ దిగరు. చల్లారితే రుక్కమ్మ పారబోసి మళ్ళీ పోసి, మళ్ళీ మూత పెడుతుంది. ఇంటికి రావలసినవాడు రాకపోతే పెళ్ళాం గేటుకు పోదు, సారయ్య హోటలుకే వస్తుంది. "అక్కా, మూతున్నదా?" అని అడుగుతుంది. మూత లేదంటే వాడు పైకొచ్చి ఎటో తిరుగుతున్నాడని, తిట్టుకుంటూ వెళ్తుంది. మూత ఉందంటే అక్కడే కూర్చుంటుంది. ఆమెకూ ఒక గ్లాసు.

ఎంత సమయం వృథా! ఎంత చాయ్ వృథా!

కాఫీ హౌస్‌కు కార్లలో వచ్చేవాళ్ళకు బండి నిలిపే చోటు లేదు. సారయ్య హోటలున్న జాగా శ్రావణ్‌కుమార్‌దే. వాళ్ళ నాన్న నోటిమాటగా ఇచ్చాడు. ఇక దాగుడుమూతలెందుకు? మే మొదటివారంలో శ్రావణ్‌కుమార్ బెంచీ దగ్గరకొచ్చి నిలబడి చెప్పేశాడు.

"సారయ్య మామా, నెలాఖరుకు జాగ ఖాళీ చెయ్యాలె. గిరాకీ కార్లల్ల వస్తున్నది, పెట్టుకునేతందుకు జాగ లేదు."

"ఇరవై ఆరేండ్లాయె సేటూ," అన్నాడు సారయ్య. "మీ నాయన ఉండుమన్నడు, ఉన్నం. ఉన్నట్టుండి పొమ్మంటే యాడికి పోవాలె? కమ్‌సెకమ్ ఒక్క కాయితమన్న ఇయ్యవా, నోటీసని?"

"మనోళ్ళ మధ్యల నోటీసేంది మామా! నోటీసు పరాయోళ్ళకు ఇస్తరు."

చూశారా ఆప్యాయత! రుక్కమ్మకు మాత్రం అర్థం కాలేదు.

"శ్రావణ్ బిడ్డా, ఒక్కటి చెప్పు. నోరు మూసుకొని తాగాల్నంటే ఇంట్లనే తాగుతరు గద. నీ దగ్గరికి ఎందుకస్తరు?"

మర్యాదస్థులు ఇలాంటి ప్రశ్నలకు జవాబివ్వరు. శ్రావణ్‌కుమార్ ఇవ్వలేదు.

అసలు ఘట్టం ఆ నెల ఇరవయ్యో తారీఖున జరిగింది.

ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో కొత్త యంత్రం బిగించడానికి తనాబె అనే జపాన్ ఇంజనీరు వచ్చాడు. అరవై ఏళ్ళు ఉంటాయి. పైగా నగోయావాడే! శ్రావణ్‌కుమార్ ఎగిరి గంతేశాడు. సొంత ఊరివాడు వచ్చి మెచ్చుకుంటే, ఆ ఫొటో పేపర్లో పడితే, ఇంకేం కావాలి? కారు పంపాడు. తనాబె వెంట ప్రతిభ వచ్చింది. లాల్‌పేట్ అమ్మాయే. పుణెలో జపాన్ భాష నేర్చుకుని ఫ్యాక్టరీలో దుబాసీగా చేస్తోంది.

నేను మూల బల్ల దగ్గర ఉన్నాను. అంతా కళ్ళారా చూశాను.

తనాబె వేడి తువ్వాలు అందుకున్నాడు. కిక్కురుమనకుండా తుడుచుకున్నాడు. పూర్ణం రొట్టె తిన్నాడు. కాఫీ తాగాడు. శ్రావణ్‌కుమార్ మొహం వెలిగిపోతోంది. అప్పుడు తనాబె తల తిప్పి గోడ చూశాడు.

కప్పు కింద పెట్టాడు. లేచాడు. గోడ ముందుకు వెళ్ళి నిలబడి, పై నుంచి కిందికి, ఒక్కొక్క వరుసా చదివాడు. నెత్తి మీది టోపీ తీశాడు. నడుము వంచి గోడకు దండం పెట్టాడు.

శ్రావణ్‌కుమార్ సైగ చేశాడు. ముందే పిలిపించి పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టాడు.

తనాబె ప్రతిభతో మెల్లగా ఏదో అన్నాడు. ప్రతిభ గోడ వంక చూసింది. శ్రావణ్‌కుమార్ వంక చూసింది. నోట మాట రాలేదు. ఆ హోటలు నియమాన్ని అంత నిష్ఠగా పాటించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

"ఏమంటుండు చెల్లే? చెప్పు చెప్పు!" నియమం పెట్టినవాడే నియమం తప్పాడు.

"మీరు ఎప్పుడు మూసేస్తుండ్రు అని అడుగుతుండ్రు, దాదా."

"మూసుడేంది?"

ప్రతిభ గోడ వైపు వేలు చూపిస్తూ చదివింది. "'నలభై రెండేళ్ళుగా మా కొట్లో కూర్చున్న మీ అందరికీ నమస్కారం. ఈ నెలాఖరుకు మూసేస్తున్నాం. ఈ స్థలంలో ఇకమీద కార్లు నిలుపుతారు. మీ కుర్చీ మీకు ఇవ్వలేకపోతున్నందుకు క్షమించండి.' గంతే రాసున్నది."

ఎనిమిది బల్లల మీద ఎనిమిది కాఫీలు చల్లారాయి. నిశ్శబ్దం కోసం ఇన్నాళ్ళు పడ్డ శ్రమ ఆ రోజు పూర్తిగా ఫలించింది.

శ్రావణ్‌కుమార్ వ్యాపారి. తేరుకోవడానికి అరనిమిషం చాలు. "సదివెటోడు ఈ ఊళ్ళె ఎవడున్నడు? అచ్చరాలు మస్తుగున్నయ్, ఉండనీ. నువ్వు మాత్రం ఎవ్వలకు చెప్పకు చెల్లే."

పక్క హోటల్లోంచి ఎవరో పగలబడి నవ్వారు. తనాబె ఆ నవ్వు వైపు నడిచి సారయ్య బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడ ఏడుగురున్నారు, ఒక గ్లాసు మీద మూతుంది. అదేమిటని అడిగాడు. పోశం ఇంకా పైకి రాలేదని, అది పోశం గ్లాసని ప్రతిభ చెప్పింది. అప్పుడు తనాబె చెప్పాడట. నగోయాలో అలాంటి పాత హోటల్లో రోజూ వచ్చేవాళ్ళు ముందే డబ్బు కట్టి కొనుక్కున్న కాఫీ టిక్కెట్ల పుస్తకాలు పేరు పేరునా గోడకు వేలాడేవట. రెండు రోజులు ఎవరి పుస్తకమైనా కదలకపోతే హోటలు ముసలాయన వాళ్ళింటికి పోయి తలుపు తట్టేవాడట.

పోశం వచ్చి సాసర్ ఎత్తేదాకా తనాబె కూడా లేవలేదు. నలభై నిమిషాలు! బయట శ్రావణ్‌కుమార్ కారు ఇంజను ఆపకుండా ఎదురుచూసింది.

ప్రతిభ గోడ సంగతి చెప్పకుండా ఉంటుందా? చెప్పింది. బెంచీలు ఊగిపోయాయి. రుక్కమ్మ మొగుడి వైపు తిరిగింది.

"నోటీసియ్యలె, నోటీసియ్యలె అని రోజు నా పానం తీస్తివి. గోడ నిండ రాపిచ్చిండు గదనయ్యా! మనకే సదువు రాకపాయె!"

అందరూ నవ్వారు. సారయ్య ఒక్కడే నవ్వలేదు. పొయ్యి లోకి చూస్తూ బొగ్గు ఎగదోశాడు.

నేనా? కాఫీ హౌస్ కిటికీలోంచి చూస్తున్నాను. ఏమీ మాట్లాడలేదు. నియమం నియమమే.

నెలాఖరున బుల్డోజరు వచ్చింది. పావుగంట పని. కాఫీ దిగినంత సేపు. సారయ్య, రుక్కమ్మ గ్లాసులు గోనెసంచిలో కట్టుకుని కోర్పనాలో కూతురింటికి వెళ్ళిపోయారు. పార్కింగు తయారైంది. తెల్ల గీతలు గట్టయ్యే గీశాడు. తిన్నగా వచ్చాయి.

జూన్ మొదటివారం. ఇంకా వాన పడలేదు. సాయంత్రం అయిదుంబావుకు పోశం భార్య ఎల్లమ్మ వచ్చింది. ఇరవై ఏళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే తెచ్చాయి. హోటలు లేదు. అద్దాల తలుపు తోసుకుని లోపలికి తల పెట్టింది.

"అయ్యా, పోశం పైకొచ్చిండా?"

లోపల అన్ని బల్లలూ నిండి ఉన్నాయి. రెండు బల్లల దగ్గర ఆ గని ఆఫీసర్లే ఉన్నారు. నేనూ ఉన్నాను. ఎవరికి తెలుసు? వాచ్‌మన్ పెదవుల మీద వేలు పెట్టుకుని, మర్యాదగా, మూడు భాషల బోర్డు చూపించాడు.

ఆమె తలుపు మూసి వెళ్ళిపోయింది. పార్కింగులో, రెండు కార్ల మధ్య, గేటు వైపు చూస్తూ నిలబడింది.

కంగారు పడకండి. పోశం ఆరున్నరకు క్షేమంగా వచ్చాడు. లోపల పంపు చెడిపోయిందట, అంతే. ఏమీ కాలేదు. గంటంబావు నిలబడింది, అంతేగా?

అందుకే మళ్ళీ చెబుతున్నాను. పార్కింగు మన ఊరికి ఎంత అవసరమో ఇప్పుడైనా ఒప్పుకోండి. అది లేకపోతే పాపం, ఆ మనిషి ఎక్కడ నిలబడేది?