డాస్ కోసం దాసు వేట

“నేరస్థుడు ఆదోనిలో తుమ్మితే ఎమ్మిగనూరులో పసిగడతాను దత్తన్నా! ఈ బుర్ర దేశానికే ఆస్తి!”

బస్సు దిగుతూనే ఉచ్చీరప్ప ఇలా ప్రకటించాడు. చెప్పులు బస్సులోనే మరిచిపోయాడు. బడిపంతులుగా నేను చాలామందిని భరించాను గానీ, తనే పెద్ద డిటెక్టివుననుకునే ఈ స్నేహితుడి దారి వేరు.

అది 1989 ఎండాకాలం. మా పక్కింటి వహీదా బీ ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పేది. ఉన్నది ఒకటే కంప్యూటర్. దాని హార్డ్ డిస్క్ చెడిపోతే, బెంగళూరు మెకానిక్ వచ్చి కొత్తది బిగించి, “డాస్ మీ ఫ్లాపీలోంచి ఎక్కించుకోండి” అని రైలెక్కేశాడు. డాస్ ఎక్కితే గానీ కంప్యూటర్ పనిచేయదు. ఆ ఫ్లాపీయేమో కనబడడం లేదు. మర్నాడే పిల్లలకు పరీక్ష.

మేం వెళ్లేసరికి వహీదా బీకి ఏడుపొక్కటే తక్కువ. “డాస్ పోయిందంటే అంతా పోయినట్లే అన్నా. పిల్లోళ్ల నాయనలు ఇంగ సదువు మాన్పిస్తారు.”

ఉచ్చీరప్ప నా చెవిలో అడిగాడు. “దాసు ఎవురు?”

“మనిషి కాదప్పా...”

“శవమా!”

నేను తేరుకునేలోగా ఆమెను నిలదీశాడు. “ఆఖరిసారి యాడ సూసినావమ్మా?”

“ఈ బల్ల మీదే. నల్లగా, పల్సగా ఉంటాది. ఈ డబ్బాలోకి ఎక్కించల్ల.”

ఉచ్చీరప్ప డబ్బా కొలత చూసి వణికాడు. “ముక్కలు చేసినారా?”

అని వీధిలోకి ఉరికాడు. కాసేపటికి ఇస్త్రీ దుకాణం దాసప్పను, చేతిలోని గుడ్డల మూటతో సహా, రెక్క పట్టి లాక్కొచ్చాడు.

“దొరికినాడు! ‘దాసూ’ అని కేకేస్తే తిరిగి సూసినాడు! పానంతోనే ఉండాడు!”

“ఇడువప్పా! దుకాణం మూసి, ఇస్త్రీ కాని గుడ్డలు ఎవురివి వాళ్లకు వాపసిచ్చి, మద్దికెర పెండ్లికి పోతాండాను!”

పెనుగులాటలో మూట విడిపోయింది. పొద్దున వహీదా బీ ఇస్త్రీకిచ్చిన కంప్యూటర్ ముసుగు కిందపడింది. దాని మడతలోంచి నల్లటి ఫ్లాపీ జారింది.

ఆమె గభాలున అందుకుని డబ్బాలో పెట్టింది. డబ్బా గురగురమంది. చాలాసేపటికి తెర మీద అక్షరాలు వెలిగాయి. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“దత్తన్నా, డాస్ ఎక్కింది!”

ఉచ్చీరప్ప అదిరిపడి దాసప్పను వాటేసుకున్నాడు. “యాడెక్కినాడు? ఈడే ఉండాడు గదా! నా పానం పోయినా డబ్బాలోకి ఎక్కనియ్యను!”

“డబ్బా వద్దులే సామీ,” అన్నాడు దాసప్ప ఊపిరాడక, “నన్ను బస్సన్నా ఎక్కనీ!”

మర్నాడు పిల్లలంతా పరీక్ష రాశారు. దాసప్పకు మాత్రం ముందురోజు సాయంత్రం దాకా ఆ కౌగిలిలోంచి విడుదల దొరకలేదు.