ఏడో నంబరు దరువు

రేడియో కేంద్రం నోటీసు బోర్డు మీద ఒక సోమవారం ఉదయం ప్రకటన వెలువడింది. కేంద్రంలో తయారయ్యే సమస్త సంగీత కార్యక్రమాలకూ ఇకమీదట డ్రమ్ముల దరువును కంప్యూటరులోనే కూర్చుకోవాలని యాజమాన్యం సంకల్పించిందనీ, అందుకు తగిన సాఫ్ట్‌వేర్‌ను ఎంపిక చేయడానికి నలుగురు సభ్యులతో ఒక సంఘాన్ని నియమించిందనీ, ఆ సంఘానికి అధ్యక్షుడిగా కేంద్రం డ్రమ్మరు గారే వ్యవహరిస్తారనీ అందులో ఉంది. చివర "ఇది వారి ఇరవై రెండేళ్ళ సేవకు గుర్తింపు" అని రాసి, కింద గీత కూడా గీశారు.

ఇందులో ఏదో తిరకాసు ఉందని తమబోటి పాఠకులకు అనిపించవచ్చు. అలాంటిదేమీ లేదు. ఉద్యోగం తీసేస్తే గొడవ అవుతుంది. పోయేవాడి సంతకంతోనే తీసేస్తే దాన్ని పరిపాలనా దక్షత అంటారు.

డ్రమ్మరు గారిని కేంద్రంలో అందరూ డ్రమ్ముల మాస్టారు అంటారు. ఆయన భుజాన సంచీతో నిలబడి ఆ ప్రకటనను రెండుసార్లు చదివాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని 'అధ్యక్షుడు' అన్న మాటను మాత్రం మూడోసారి చదివాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ దేనికీ అధ్యక్షుణ్ణి చేయలేదు. రికార్డింగు గదిలో కూడా ఆయన చోటు మూలన అద్దాల గదిలోనే. ఆయన చప్పుడు మిగతావాళ్ళ మైకుల్లోకి పోకుండా చేసిన ఏర్పాటది. అందరి మాటలూ ఆయనకు హెడ్‌ఫోనులో వినిపిస్తాయి. ఆయన మాట ఎవరికీ వినిపించదు.

ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. ఆవిడ ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆ వీధికంతటికీ బట్టలు కుడుతుంది. మిషను పక్కన రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది.

"అయితే ఏమండీ, ఆ సాఫ్ట్‌వేర్ వచ్చాక మీరేం వాయిస్తారు?" అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"నేను అధ్యక్షుణ్ణే!"

"అది విన్నాను. వాయించేది ఏంటి అంటున్నా."

"ఇవన్నీ పాలసీ విషయాలు. నీకు ఒక్కపూటలో అర్థం కావు," అన్నాడు మాస్టారు. పాలసీ అన్న మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. రుచిగానే అనిపించింది.

సంఘంలో తక్కిన ముగ్గురూ ఎవరో చెప్పాలి. ఒకరు డైరెక్టరు గారు. ఆయనకు సంగీతం తెలియదు గానీ చప్పట్లు ఎప్పుడు కొట్టాలో బాగా తెలుసు. రెండోవారు కొనుగోళ్ళ అధికారి. కిందటేడు స్నానాల గదికి కుళాయిలూ, అంతకుముందు మంటలు ఆర్పే బక్కెట్లూ ఎంపిక చేసిన అనుభవశాలి. మూడోవాడు కేంద్రంలో కీబోర్డు వాద్యం వాయించే కీబోర్డాయన. మెత్తని మనిషి. కంప్యూటరు తెలిసినవాడు ఆయనొక్కడే కాబట్టి ఆయనకు ఓటు హక్కు ఇవ్వలేదు.

మొదటి సమావేశం మొత్తం సంఘానికి పేరు పెట్టడంలో గడిచింది. రెండో సమావేశంలో కీబోర్డాయన తెర మీద ఒక సాఫ్ట్‌వేర్ తెరిచి చూపించాడు. వరసకు పదహారు గళ్ళు. ఏ గడి మీద నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది. పై వరస సింబల్ అనే ఇత్తడి పళ్ళెం, మధ్య వరస స్నేర్ అనే చిన్న డ్రమ్ము, కింది వరస కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము. ఒక వరస నింపి వదిలేస్తే కరెంటు పోయేదాకా మోగుతూనే ఉంటుంది.

"ఇందులో మొత్తం ఎన్ని డ్రమ్ములున్నాయి?" అన్నాడు కొనుగోళ్ళ అధికారి.

"నాలుగు వేల రకాలు సార్."

"మన దగ్గర?"

"అయిదు."

అధికారి కాగితం మీద తీసివేత చేసి, "మూడు వేల తొమ్మిదివందల తొంభై అయిదు డ్రమ్ములు తక్కువగా ఇన్నాళ్ళూ ఈ కేంద్రాన్ని ఎలా నడిపారండీ!" అని మాస్టారి వైపు బాధగా చూశాడు. మాస్టారు అధ్యక్షుడి హోదాలో ఆ లోటుకు విచారం ప్రకటించాడు.

మొత్తం ఆరు సాఫ్ట్‌వేర్లు పరీక్షకు వచ్చాయి. ఒకదానిలో డ్రమ్ములు పెద్ద హాల్లో మోగినట్టు వినిపించే సదుపాయం ఉంది. ఇంకొకదానిలో వాననీటి గొట్టంలో మోగినట్టు వినిపిస్తుంది. అది ఎవరికి కావాలో ఎవరూ అడగలేదు, కానీ ఉండటం మంచిదేనని తీర్మానించారు. మూడోదానిలో 'మానవత్వం' అనే మీట ఉంది. దాన్ని పెంచేకొద్దీ దెబ్బలు గడికి కాస్త ముందో వెనకో పడతాయి, కొన్ని గట్టిగా, కొన్ని మెల్లగా.

"అంటే మానవత్వం అంటే తప్పులా?" అన్నారు డైరెక్టరు గారు.

"తప్పులే సార్. కాకపోతే పద్ధతిగా," అన్నాడు కీబోర్డాయన.

నూటికి నూరు పెడితే ఎలా ఉంటుందని కొనుగోళ్ళ అధికారి ఆసక్తి చూపాడు. అంత మానవత్వం ఈ కేంద్రంలో ఇదివరకెన్నడూ లేదు కాబట్టి సిబ్బందికి అలవాటయ్యేదాకా నలభై చాలని డైరెక్టరు గారు సర్దిచెప్పారు.

మాస్టారు మాత్రం దేనికీ లొంగలేదు. ఆరింటినీ విని, ఆరింటి పక్కనా 'ప్రాణం లేదు' అని రాశాడు. నాలుగో సమావేశంలో లేచి నిలబడి ప్రసంగించాడు కూడా.

"దరువంటే కొట్టడం కాదు. ఎవడైనా కొడతాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆగడం ఉందే, అదీ దరువు. ఆ ఆగిన చోట మనిషి ఉంటాడు. వాడు అక్కడ ఉన్నాడో లేడో నా చెవికి ఇట్టే తెలిసిపోతుంది. నన్ను ఏ యంత్రమూ మోసం చెయ్యలేదు!"

డైరెక్టరు గారు చప్పట్లు కొట్టి, ఆ మాటలను అక్షరం పోకుండా నివేదికలో చేర్పించారు. మాస్టారికి ఒళ్ళు పులకరించింది. ఆ వారం నుంచి ఆయన డ్రమ్ముల ముందు కూర్చోవడం మానేశాడు. ఎంపిక జరుగుతుండగా అధ్యక్షుడు చేతిలో కర్రలతో కనబడటం మర్యాద కాదని ఆయన ఉద్దేశం. కార్యక్రమాలకు ఆయన పాత రికార్డింగులనే వాడుకున్నారు. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఆ విషయం మాస్టారు గమనించలేదు.

చివరికి అసలు పరీక్ష వచ్చింది. ఏ నమూనా దేనిదో ఎవరికీ తెలియకుండా వినాలని కొనుగోళ్ళ అధికారి పట్టుబట్టాడు. కుళాయిల విషయంలో అలాగే చేశామని, కళ్ళు మూసుకుని తిప్పి చూశామని చెప్పాడు. కీబోర్డాయన ఒకే పాటకు వేరువేరు దరువులు వేసి, నంబర్లు పెట్టి తెచ్చాడు. అందరికీ కాగితాలు పంచారు. పదికి మార్కులు వెయ్యాలి. పక్కన అభిప్రాయం రాయాలి.

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. ఒకటి, రెండు పేలవంగా పోయాయి. మూడోది మొదలవగానే ఆయన పాదం ఆయన్ని అడక్కుండానే బల్ల కింద ఆడటం మొదలెట్టింది. కాస్త చిరాకుపడుతూనే ఎనిమిది వేశాడు. నాలుగు, అయిదు, ఆరు వచ్చిపోయాయి. ఏడోది వినగానే ఆయన నొసలు ముడిపడింది. పాట పూర్తి కాకముందే కలం తీశాడు. అధ్యక్షుడు కాబట్టి రాసింది పైకి చదివాడు కూడా.

"డ్రమ్ము ముఖం ఎన్నడూ చూడని ఇంజనీరెవడో తయారుచేసినట్టుంది. మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా ఒకటే ముఖం. ఎప్పుడైపోతుందా అన్న ఆత్రం తప్ప ఇందులో మరేమీ లేదు. పాట ఏమిటో దీనికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. శుద్ధ యంత్రం. పదికి రెండు."

డైరెక్టరు గారు తాను వేసిన ఏడును కొట్టేసి రెండు చేశారు. కొనుగోళ్ళ అధికారి కూడా రెండే వేశాడు.

కీబోర్డాయన మాత్రం కాగితాలు సర్దుతూ తలెత్తలేదు. "సార్... ఏడోది సాఫ్ట్‌వేర్ కాదు."

"మరేంటి?" అన్నాడు మాస్టారు.

"ఆరే కదా ఉన్నాయి. పోల్చి చూసుకోడానికి పనికొస్తుందని ఒక అసలుది కూడా కలిపాను. పోయినేడు శుక్రవారం కార్యక్రమానికి మీరు వాయించిందే."

ముందుగా తేరుకున్నవారు డైరెక్టరు గారు. "ఇదీ నిష్పక్షపాతం అంటే! స్వపర భేదం లేకుండా తన వాయింపునే తిరస్కరించిన అధ్యక్షుణ్ణి నా సర్వీసులో చూడలేదు!" అని లేచి చప్పట్లు కొట్టారు. ఏడో నంబరుకు గ్యారంటీ ఎన్నేళ్ళని కొనుగోళ్ళ అధికారి అడిగాడు.

మాస్టారు ఇంకోసారి వినిపించమన్నాడు. విన్నాడు. ఆ రోజు తనకు జ్వరం వచ్చిందేమో, పన్ను నొప్పేమో, ఇంట్లో ఏదైనా గొడవేమో అని వెతుక్కున్నాడు. ఏమీ లేదు. అది ఉత్త శుక్రవారం. అసలు ఆ రోజే గుర్తుకు రాలేదు. పన్ను నొప్పి అయి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు.

కీబోర్డాయన బయట వరండాలో ఆయన్ని ఆపి, "ఆ కాగితం చించేద్దాం మాస్టారూ. ఏడోది కలపడం నాదే పొరపాటు. మళ్ళీ పరీక్ష పెడదాం," అన్నాడు. డైరెక్టరు గారిని ఒప్పించడం కూడా కష్టం కాదు, ఆయన దేన్నైనా జరగలేదనుకోగలరు. మాస్టారు ఆలోచించి చెబుతానని, కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

భార్య మిషను మీద ఉంది. ఆయన చెప్పులు విప్పకుండానే, ఎవరి గురించో చెప్పకుండా ఆ అభిప్రాయం చదివాడు. ఆవిడ గుడ్డ మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"మీ శుక్రవారం పాటేనా?"

"నీకెట్లా తెలుసు?"

"రోజూ వింటున్నాగా. ఆరేడేళ్ళుగా అలాగే వాయిస్తున్నారు. పాట మధ్యలో మీకు కాఫీ గుర్తొస్తే కూడా నాకు ఇక్కడికి తెలిసిపోతుంది."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు అడిగారా? అయినా ఇంట్లో మీరు మాట్లాడేదీ అదే తీరుగా. నేనేదైనా చెబుతుంటే ఎప్పుడవుతుందా అన్నట్టు ఊఁ కొడతారు. ఊఁలు మాత్రం తాళం తప్పవు."

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అంతకుముందు ఎలా వాయించేవాణ్ణి?" అన్నాడు.

ఆవిడ చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపింది. "మీ పాట వస్తే ఇలా ఆపేసి వినేదాన్ని," అంది.

తర్వాత ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఎవరిదో జాకెట్టు సాయంత్రానికి ఇవ్వాలి.

మర్నాడు ఉదయం మాస్టారు కాగితం చించలేదు. మూడో నంబరును ఎంపిక చేస్తూ, ఏడో నంబరు మీద తన అభిప్రాయాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఉంచి సంతకం పెట్టాడు. కీబోర్డాయన, "ఆలోచించుకోండి మాస్టారూ," అన్నాడు మెల్లగా. "ఆలోచించే పెట్టాను. అంత నిజం నేను కర్రలతో రాయలేదు ఈమధ్య. కలంతోనైనా రానీ," అన్నాడు మాస్టారు.

నివేదికను యాజమాన్యం ఆమోదించింది. మాస్టారి సేవలను వదులుకోలేక ఆయనకు 'దరువు పర్యవేక్షకుడు' అనే కొత్త పదవి సృష్టించారు. పాట మొదలయ్యేటప్పుడు మీట నొక్కడం, అయిపోయాక మళ్ళీ నొక్కడం ఆయన బాధ్యతలు. మధ్యకాలంలో ఆయన పర్యవేక్షిస్తారు. డ్రమ్ములను కింది అంతస్తులో సామాన్ల గదికి చేర్చారు.

మధ్యాహ్నం భోజనాల వేళ మాస్టారు ఆ గదికి వెళ్ళడం మొదలుపెట్టాడు. మొదట్లో చేతులు పాత శుక్రవారాల్లోకే జారిపోయేవి. ఆపి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. రెండు నెలలయ్యేసరికి ఎక్కడో ఏదో కదిలింది. ఒకరోజు బరువులు మోసే ఇద్దరు కూలీలు బీరువాను మెట్ల మీదే దించి, ఆయన వాయించినంతసేపూ నిలబడిపోయారు. బీరువా ఆలస్యమైనందుకు విచారణ జరిగింది. సామాన్ల గదిలో కార్యాలయ సంబంధం లేని శబ్దం వినబడుతోందని కొనుగోళ్ళ అధికారి మెమో ఇచ్చాడు. మాస్టారు మెమో అందుకున్నట్టు సంతకం చేసి, భోజనం డబ్బా పట్టుకుని మళ్ళీ కిందికే వెళ్ళాడు.

ఆ రోజుల్లోనే కేంద్రానికి ఒక శ్రోత ఉత్తరం రాశాడు. డైరెక్టరు గారు దాన్ని సిబ్బంది అందరినీ పిలిచి చదివి వినిపించారు.

"అయ్యా, నేను మీ కేంద్రానికి పాతికేళ్ళ శ్రోతను. ఇన్నాళ్ళూ మీరు డ్రమ్ములకు ఏదో యంత్రాన్ని వాడుతూ మా చెవులకు చిల్లులు పొడిచారు. ఎన్నో ఏళ్ళు ఓర్చుకున్నాను. ఈమధ్య దాన్ని తీసేసి, ఎవరో మంచి కళాకారుణ్ణి పెట్టుకున్నట్టున్నారు. ఎంత హాయిగా ఉందో! ఎంతైనా మనిషి మనిషే, యంత్రం యంత్రమే. ఆ మహానుభావుడికి నా నమస్కారాలు అందజేయండి."

జవాబు రాసే పని పర్యవేక్షకుడికే అప్పగించారు. మాస్టారు కలం తీసి, "మీ చెవి గొప్పది. నమస్కారాలు అందజేశాము," అని రాసి, మూడో నంబరు నడుస్తున్న కంప్యూటరు ముందు ఒకసారి చేతులు జోడించి, ఉత్తరం పోస్టు చేశాడు.

ఆ ఉత్తరాన్ని రేడియోలో చదివాక, సరిగ్గా అదే అభిప్రాయం వెలిబుచ్చుతూ ఇంకా నూట పన్నెండు ఉత్తరాలు వచ్చాయి. అన్నింటినీ వరండాలో అద్దాల బీరువాలో పెట్టారు. అటువైపు వచ్చినప్పుడు తమరు చూడవచ్చు. తమరు రాసిన ఉత్తరం పై వరసలోనే ఉంది.