సున్నం తినే నీళ్లు

శనివారం పొద్దున ఆరింటికి రామచంద్రం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేం లేదు. రెండు బస్తాల కాల్షియం క్లోరైడ్ నీళ్లలో కరిగించాలి, కొలనులో పోయాలి, తలస్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. సాయంత్రం నాలుగింటికి హైదరాబాదు నుంచి ఈత నేర్పే భాగ్యశ్రీ మేడం వచ్చి కొలను చూస్తుంది. ఆమె సరేనంటే దేవరకొండ బయట ఉన్న ఈ రిసార్టులో ఆడవాళ్లకు ఈత శిబిరం పెడతారు, కొలను చూసుకునే రామచంద్రం నౌకరీ పక్కా అవుతుంది, ఉండటానికి క్వార్టరు కూడా ఇస్తారు. కాదంటే సోమవారం నుంచి రానక్కర్లేదని ఓనరు విజేందర్ ముందే చెప్పేశాడు.

రానక్కర్లేదంటే మక్తల్ పోవాలి. అక్కడ మామ ఎల్లేశానికి చీరల దుకాణం ఉంది. పోయినసారి ఉద్యోగం ఊడినప్పుడు రామచంద్రం నాలుగు నెలలు అందులో కూర్చున్నాడు. కొనకుండా విప్పి పడేసిన చీరలన్నీ మడతపెట్టడం అతని పని. దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ మామ, "గీయన మా అల్లుడు. పనేం లేదు, ఊకెనే ఉన్నడు" అని పరిచయం చేసేవాడు. అది తలుచుకుంటే రామచంద్రానికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అసలీ తిప్పలు తెచ్చుకున్నది తనే. వాళ్లది తరతరాలుగా నూలుకు రంగులద్దిన ఇల్లు. రంగులద్దే వాళ్లకు చవుడు నీళ్లంటే పగ. అందులో సబ్బు నురగ రాదు, రంగు సమంగా పట్టదు, చీర మచ్చలు తేలుతుంది. నీళ్ల మంచిచెడ్డలు సబ్బు చెప్పాలన్నది వాళ్ల నాయిన పెట్టిన నియమం. పది రోజుల కింద రామచంద్రం కొలనులోని బోరునీళ్లు బకెట్లో పట్టి సబ్బు రుద్ది చూశాడు. నురగ రాలేదు. "థూ, గివి గూడ నీళ్లేనా!" అని కొలను మొత్తం ఖాళీ చేయించి, ఊళ్లోని ఫిల్టర్ నీళ్ల ప్లాంటు నుంచి పన్నెండు ట్యాంకర్లు తెప్పించి నింపించాడు. ఈసారి సబ్బు ముట్టుకుంటే చాలు, నురగే నురగ. అతని సంబరం చూడాలి!

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. కొలను గోడల తెల్లటి ప్లాస్టరు గరుకెక్కింది. చేయి పెడితే బళ్లో సుద్దముక్క పట్టుకున్నట్టు పొడి అంటుతోంది. వెంటనే హైదరాబాదులో కొలను మందులమ్మే షాపతనికి ఫోన్ చేశాడు.

"నీళ్లల్ల కాల్షియం ఎంతున్నదన్నా?" అన్నాడు షాపతను.

"అస్సలే లేదు. గంత సాఫ్ నీళ్లు నింపిన."

"గదే కొంప ముంచింది. నీళ్లకు సున్నం ఆకలి ఉంటదన్నా. నువ్వు పెట్టకుంటే గోడను తింటయి. ఎక్కువ పెడితే మల్ల గోడకు పక్కు కడతది. కాల్షియం లెక్క రెండొందలు దాటాలె, నాలుగొందలు దాటొద్దు. రెండు బస్తాలు పంపుత, కరిగిచ్చి పొయ్యి."

కరిగించడం రామచంద్రానికి ఒకడు నేర్పాలా? రంగైనా ఉప్పైనా వాళ్లింట్లో మసిలే నీళ్లలోనే కరిగించేవాళ్లు. చన్నీళ్లలో కలిపేవాణ్ణి వాళ్ల నాయిన పనిమంతుడిగా లెక్కకట్టేవాడే కాదు. అందుకని రిసార్టు వంటింట్లో సలసల కాగిన నీళ్లు తెచ్చి, కొలను పక్కనున్న డ్రమ్ములో సగానికి పోసి, ఒక బస్తా మొత్తం ఒక్కసారే గుమ్మరించాడు.

ఆ మందు చన్నీళ్లలో పడినా వేడెక్కే రకం. కాగే నీళ్లలో పడేసరికి దానికి శివమెత్తింది. డ్రమ్ము గుర్రుమని పొంగింది, తెల్లటి ఆవిరి తాటిచెట్టంత ఎత్తు లేచింది. "వామ్మో, సచ్చిన!" అని రామచంద్రం ఎగిరి అవతల పడ్డాడు.

కంచె అవతల ఊడుస్తున్న నర్సింగమ్మకు డ్రమ్ము కనపడలేదు, ఆవిరి కనపడింది. చీపురు పట్టుకునే ఉరికొచ్చింది.

"ఏంది సారూ గా పొగలు?"

సంగతి ఓనరు చెవిన పడితే ఇంకేమైనా ఉందా! రామచంద్రం బట్టలు దులుపుకుంటూ, "ఏం లేదమ్మా, వేడినీళ్లు. జర ఎవ్వలకు చెప్పకు" అన్నాడు.

చెప్పకు అనకపోతే నర్సింగమ్మ మరిచిపోయేదేమో. ఆ మాట విన్నాక ఆమె బుర్ర చకచకా పని చేసింది. మొన్న ఉన్న నీళ్లన్నీ తోడి పారబోశారు. ఇవాళ పొగలు కక్కుతున్నాయి. పైగా ఎవరికీ చెప్పొద్దంటున్నారు. ఎనిమిదింటికల్లా ఆమె తన చిన్నమ్మకు ఒక్కదానికే చెప్పింది. తొమ్మిదింటికి చుట్టుపక్కల తండాలన్నిటికీ తెలిసిపోయింది, రిసార్టులో నేలలోంచి వేడినీళ్ల బుగ్గ పుట్టిందని, దాంట్లో కాళ్లు పెడితే మోకాళ్ల నొప్పులు మాయమవుతాయని.

రామచంద్రానికి ఇవేం తెలియవు. బుద్ధొచ్చి రెండో బస్తా చన్నీళ్లలో కొంచెం కొంచెంగా కరిగించి, డ్రమ్ములో చల్లారిన మొదటి బస్తాతో సహా కొలనులో పోశాడు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఫిల్టరు తిరిగితే సాయంత్రానికి తేటపడతాయిలే అనుకుని తలెత్తాడు. గేటు దగ్గర ఆరు ఆటోలు ఆగి ఉన్నాయి.

అందరికంటే ముందు యాదమ్మ అనే ముసలామె చీర మోకాళ్లదాకా ఎగ్గట్టి మెట్ల మీద కూర్చుని కాళ్లు ముంచింది. మే నెల ఎండకు నీళ్లు కాగి ఉన్నాయి. "నిజమేనే! ఎచ్చగున్నయి, తెల్లగ పాలోలె ఉన్నయి!" అని కేకేసింది. అంతే, ఆడవాళ్లంతా బిలబిలమంటూ దిగారు.

"దిగకుండ్రి తల్లీ! మందు కలిపిన నీళ్లు!" అని రామచంద్రం మొత్తుకున్నాడు.

"మందని తెలిసే వచ్చినం బిడ్డా, నువ్వు పక్కకు జరుగు" అంది యాదమ్మ.

మూడింటికి విజేందర్ కారు దిగాడు. తన కొలనులో అరవై మంది ఆడవాళ్లు మోకాళ్లు రుద్దుకుంటున్నారు. కొందరు సీసాల్లో నీళ్లు పట్టుకుంటున్నారు. కారు తలుపు కూడా వేయకుండా రామచంద్రం మీదికి ఉరికాడు.

"ఏందయ్యా గీ జాతర? ఇంకో గంటల మేడమొస్తది! నీ సామాను సదురుకో, మళ్ల నాకు కనవడకు!"

రామచంద్రానికి ఏడుపొక్కటే తక్కువ. మక్తల్ దుకాణం, విప్పిన చీరల గుట్టలు కళ్ల ముందు తిరిగాయి. అతను సంచీ సర్దుకుంటుండగానే భాగ్యశ్రీ మేడం అనుకున్న దానికంటే ముందే వచ్చేసింది. కొలను గట్టున నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"మూడు జిల్లాలు తిరిగిన సార్" అంది ఆమె. "ఆడోళ్లు గేటు దాటి లోపటికి రారు. సిగ్గంటరు, భయమంటరు. మీరు గింతమందిని నీళ్లల్లకు ఎట్ల దించిండ్రు?"

విజేందర్ రామచంద్రం చేతిలో సంచీ లాక్కుని వెనక్కి దాచి, "మా రామచంద్రం మేడం. మనుషులతోని మంచిగ మాట్లాడుతడు" అన్నాడు.

మేడం చిన్న సీసాలో నీళ్లు పట్టి చుక్కల మందు వేసి చూసింది. "కాల్షియం రెండొందల నలభై. మస్తుగున్నది. గోడ జర గరుకెక్కింది, సాఫ్ చేపియ్యండి. సోమవారం నుంచి శిబిరం పెడుదాం."

ఆమె అటు తిరగగానే విజేందర్ రామచంద్రాన్ని పక్కకు లాగాడు. "నౌకరి పక్కా, క్వార్టరు గూడ తీస్కో" అని గట్టిగానే అని, గొంతు తగ్గించాడు. "గని బుగ్గ కాదని ఎవ్వలతోనన్న అన్నవనుకో, ఆడోళ్లు రారు, శిబిరముండదు, నువ్వుండవు."

"ఒట్టు సార్, అనను" అన్నాడు రామచంద్రం. ప్రాణం లేచొచ్చింది. ఈ సంతోషం భార్య ఉషకు చెబుదామని ఫోన్ తీస్తుంటే, కొలను మూలనుంచి ఎవరో "అల్లుడా!" అని పిలిచారు. మెట్ల మీద మెడదాకా నీళ్లలో మామ ఎల్లేశం కూర్చుని ఉన్నాడు.

"ఫోన్ల వీడియో చూసి, దొరికిన బస్సెక్కి వచ్చిన" అన్నాడు మామ. "మోకాళ్లు అప్పుడే హల్కగయినయి. నీకు క్వార్టరు గూడ ఇచ్చిండ్రట గదా? మంచిగయింది. దుకాణానికి తాళమేసే వచ్చిన, ఇగ మీ తాన్నే ఉంట."

ఇది బుగ్గ కాదు మామా అన్న మాట రామచంద్రం నాలిక చివరిదాకా వచ్చింది. పక్కనే నిలబడిన విజేందర్ గట్టిగా దగ్గాడు. మాట లోపలికి పోయింది.

"ఎన్ని దినాలుంటవు మామా?" అన్నాడు నీరసంగా.

"గీ బుగ్గ ఎండిపోయేదాక."

కొలను ఎండిపోకుండా చూసుకోవడమే రామచంద్రం ఉద్యోగం.