నాగరాజు చెప్పిన దారి

మార్గశిర లక్ష్మివారం పొద్దున్నే మగవాళ్ళు ఇంట్లో లేకపోతే పూజ సగం అయినట్టేనని ఆదిలక్ష్మి అనుభవం. అందుకే బాబూరావు చొక్కా తొడుక్కుని "దిగపహండి దాకా ఎల్లొస్తాను" అన్నప్పుడు, గుమ్మంలో ముగ్గు వేస్తున్న ఆమె చెయ్యి ఆగలేదు.

"పూజరోజు దిగపహండిలో ఏటి పని?"

"పైడన్నకి ఒంట్లో బాగోలేదంట. పలకరించి మజ్జానం భోజనానికి వచ్చేస్తాను."

"అయ్యో. ఏటయిందంట?"

ఆ ప్రశ్నకు బాబూరావు తయారై రాలేదు. "గుండె" అన్నాడు, ముందుగా నోటికి అందింది అదే గనక.

దిగపహండి సంతవీధిలో కిరాణాకొట్టు నడుపుకునే పాత స్నేహితుడు పైడన్న గుండెకు ఏ లోటూ లేదు. బాబూరావు వెళ్తున్నది అతని ఇంటికీ కాదు. ఊరికి అవతలున్న కొండకు.

బరంపురంలోని బట్టలకొట్టు కొడుకు గౌతమ్‌కు అప్పగించినప్పటినుంచీ బాబూరావుకు కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చుంటాడు. కొట్టుకు వెళ్ళి సర్దిన తానులే మళ్ళీ సర్దుతుంటే, గౌతమ్ వినయంగా "నాన్నా, పొద్దున్నపూట నడవండి, ఆరోగ్యం" అన్నాడు. నడకలో పరిచయమైనవాడు నాగరాజు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, నిరుడు హిమాలయాలకు వెళ్ళొచ్చాడు. ఆ ఫొటోలు రోజూ టీ దగ్గర అందరికీ చూపిస్తాడు. ఒకరోజు బాబూరావుకు ఓపిక నశించింది.

"అంత దూరమెందుకయ్యా? మన దిగపహండి అవతల కొండ లేదా? కుర్రప్పుడు చివరిదాకా ఎక్కాను. పైనుంచి సూస్తే సముద్రం కనపడతాది."

అంతే, ఈ ఆదివారం నడకవాళ్ళందరినీ తీసుకెళ్ళాలని అక్కడికక్కడే తీర్మానమైపోయింది. నిజానికి కుర్రప్పుడు అతను ఎక్కింది సగం కొండే. వానొస్తే దిగిపోయాడు. సముద్రమైతే టీ తాగుతూ అప్పటికప్పుడు కలిపాడు. ఆ రోజునుంచి నిద్ర లేదు. దారి ఉందో లేదో ముందుగా చూసిపెట్టుకోకపోతే ఆదివారంతో పరువు పోతుంది.

కొట్టులో మిగిలిన ఎర్ర లైనింగు గుడ్డను పేలికలుగా చింపి సంచిలో వేసుకున్నాడు. మలుపు మలుపుకీ ఒకటి కడితే తిరిగి రావడం తేలికని అతని ఆలోచన.

జీడితోట దాటగానే దారి మొదలైంది, మొదలైనచోటే ఆగిపోయింది. ఒకప్పుడు మనుషులు కట్టెలమోపులు దించుకున్న బాట అది. ఊళ్ళోకి గ్యాసు పొయ్యిలు వచ్చాక కొండతో ఎవరికీ పని లేకపోయింది. ముళ్ళపొదలు రెండువైపుల నుంచీ వచ్చి మధ్యలో కలిసిపోయాయి. విస్తళ్ళు కుట్టే అడ్డాకు తీగలు చెట్టు నుంచి చెట్టుకు వేలాడుతున్నాయి. బాబూరావు వంగి, పాకి, చొక్కా చింపుకుని ముందుకు పోయాడు. అతను దారి అనుకున్నది ఒకచోట వాగులో దిగింది. ఇంకోచోట చుట్టూ తిరిగి జీడితోటకే చేర్చింది. మరోచోట పెద్ద పాముపుట్ట దగ్గర తేలింది. అన్నిచోట్లా పేలికలు కట్టాడు. తప్పుదారి అని తేలాక విప్పాలని తోచలేదు. ఆగి విప్పేపాటి నిదానం అతనికి పుట్టుకతోనే లేదు.

చివరికి ఏదో బాట దొరికి, చెమటలు కక్కుతూ ఒక పెద్ద బండ మీదికి చేరాడు. వెనక్కి తిరిగి చూస్తే కొండంతా ఎర్ర పేలికలే. ఏది వచ్చిన దారో ఏది కాదో అతనికే తెలియలేదు. అంతలో కింది నుంచి శంఖం వినిపించింది, వెంటనే ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టే మంగళధ్వని, హుళహుళి. ఊళ్ళో లక్ష్మీపూజ జరుగుతోంది కాబోలనుకున్నాడు. ఆ బండ మీద సిగ్నలు తగిలి ఫోను మోగింది.

"ఏవండీ, ఎక్కడున్నారు?" ఆదిలక్ష్మి గొంతు.

"ఎక్కడేటి, పైడన్న ఇంట్లోనే."

"ఎలాగున్నారాయన?"

"కొంచెం నిమ్మళించింది. ఇప్పుడే కన్నంటుకుంది."

"అలాగా. మరి నా పక్కన కూకుని టీ తాగుతున్న ఈయనెవరండీ?"

బాబూరావు ఫోను చెవి నుంచి తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. పూజ ముగించుకుని ఆమె పైడన్న భార్యను ఓదారుద్దామని ఫోను చేసింది. గుండెపోటు సంగతి మొదటిసారి విన్న పైడన్న భార్య, కొట్టులో ఉన్న మొగుడి దగ్గరికి ఏడుస్తూ పరిగెత్తింది. తన గుండె గురించి బరంపురంలో ఏం చెప్పుకుంటున్నారోనని పైడన్న నిజంగానే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. మొగుడు కనబడకుండా పోయాడని ఆదిలక్ష్మి నాగరాజును బతిమాలి అతని కారులో దిగపహండి వచ్చేసింది. ఇదంతా ఆమె ఒక్క గుక్కలో చెప్పింది.

"ఆ డప్పులేటి? ఎక్కడున్నారో నిజం సెప్పండి."

"కొండ మీద" అనగానే సిగ్నలు పోయింది.

డప్పులు మాత్రం పోలేదు. దగ్గరవుతున్నాయి.

జరిగింది ఏమిటంటే, కొండ అంచున అడ్డాకులు కోసుకునే ఆడవాళ్ళు ఎర్రగుడ్డలు చూశారు. ఏళ్ళుగా మనిషి పోని దారిలో, కొత్తగుడ్డ, అదీ మార్గశిర లక్ష్మివారం. ఆ రోజు అమ్మవారు ఊళ్ళు తిరుగుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పుట్ట దగ్గర కూడా గుడ్డ కనబడేసరికి ఇక సందేహం మిగల్లేదు. ఫోన్లు వెళ్ళాయి, కొబ్బరికాయలు వచ్చాయి. ఊరి మగవాళ్ళలో కొందరికి అది మరోలా అర్థమైంది. రాళ్ళ క్వారీవాళ్ళు రహస్యంగా సర్వే జెండాలు పాతుతున్నారని కర్రలతో బయల్దేరారు. కొడవళ్ళతో పొదలు నరుక్కుంటూ రెండు గుంపులూ ఒకే దారిన ఎక్కుతున్నాయి, ఒకరినొకరు తిట్టుకుంటూ.

"కట్టినవాడు దొరికితే కాళ్ళు విరగ్గొట్టి పంపిద్దాం" అని ఒక మగగొంతు ఒడియాలో అనడం బాబూరావుకు స్పష్టంగా వినిపించింది. అతను సంచితో సహా పక్క పొదలో దూరాడు. పొద కదిలింది.

"భాలు" అన్నారెవరో. ఎలుగుబంటి అనగానే డప్పు ఆగింది. కర్రలన్నీ పొదవైపు తిరిగాయి.

"భాలు కాదయ్యా, మనిషిని" అని ఒడియాలో మొరపెట్టుకుంటూ బాబూరావు చేతులెత్తి బయటికొచ్చాడు. ముళ్ళు గీరుకుని ముఖమంతా ఎర్రటి చారలు, జుట్టునిండా ఆకులు, భుజం మీద వేలాడుతున్న పేలిక.

కర్రలు పట్టినవాళ్ళు పేలికలు పీకడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. ఒక పెద్దావిడ చేతిలోని పసుపునీళ్ళ చెంబు కింద పడింది, ఎవరో ఆమెను తోశారు. అది చూసి బాబూరావు ఉండలేకపోయాడు. నోరు మూసుకుంటే తను బతికిపోతాడు గానీ, వీళ్ళు వీళ్ళు కొట్టుకుంటారు.

"ఆగండి. ఆ గుడ్డలు కట్టింది నేనే" అన్నాడు.

పేలికలు పీకుతున్న చేతులు ఆగాయి.

"ఏ కంపెనీ?" అన్నాడు కర్రపట్టిన ఒకతను.

"ఏ కంపెనీ లేదు. బరంపురంలో బట్టల వ్యాపారిని. దారి తప్పకుండా కట్టుకున్నాను. ఇందులో అమ్మవారూ లేదు, సర్వే లేదు."

చెంబు తీసుకుంటున్న పెద్దావిడ లేచి అతన్ని ఎగాదిగా చూసింది. "కట్టింది నువ్వే బాబూ, నేను కాదనడం లేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ పుట్టని బుద్ధి ఈరోజు నీకెలా పుట్టింది? ఎవరు చెబితే వచ్చావు?"

బాబూరావు నిజమే చెప్పదలుచుకున్నాడు. "నాగరాజు" అన్నాడు.

పెద్దావిడ చేతిలో చెంబు మళ్ళీ కింద పడింది.

"రోజూ పొద్దున్నే కనబడతాడు" బాబూరావు ఆవేశంగా చెప్పుకుపోయాడు. "వచ్చిన దగ్గర్నుంచీ కొండల మాటే. భరించలేక వచ్చాను."

"ఎలా ఉంటాడు?" పెద్దావిడ ఒకడుగు ముందుకేసింది.

"నున్నటి తల. దాని మీద కళ్ళజోడు."

"నాగుపాము పడగ మీద ఉండేదీ ఆ గుర్తే" అందామె వెనక్కి తిరిగి. కాళ్ళు విరగ్గొడతానన్నతను కర్ర కింద పెట్టి చేతులు జోడించాడు. డప్పు మళ్ళీ మొదలైంది. తను చెప్పినదాంట్లో తప్పెక్కడ దొర్లిందో బాబూరావుకు తట్టేలోపు, కింది మలుపులోంచి రొప్పుకుంటూ ఒక బట్టతల పైకి తేలింది. దాని మీద కళ్ళజోడు మెరిసింది.

"నాగరాజూ" అని బాబూరావు ప్రాణం లేచివచ్చినట్టు పిలిచాడు. అదే అతను చేసిన ఆఖరి పొరపాటు.

బంతిపూల దండ నాగరాజు మెడలో పడింది. నుదుట పసుపు, కాళ్ళమీద పాలు. "ఏటయ్యా ఇది?" అంటూనే అతను కళ్ళజోడు సర్దుకున్నాడు. కొంతసేపటికి బాబూరావు చెవిలో గొణిగాడు: "నా కాళ్ళు పనిచెయ్యట్లేదు. హిమాలయాల్లో నేను గుర్రమెక్కి ఎల్లాను. ఎవరికీ సెప్పకు."

అందరికంటే వెనక ఆదిలక్ష్మి వచ్చింది. మోకాళ్ళ నొప్పులని డాబా కూడా ఎక్కని మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని కొండెక్కింది. మొగుడి ముఖం మీద గీతలు చూసింది. పక్క కొమ్మకున్న పేలికను రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"మన కొట్టు గుడ్డే" అంది నెమ్మదిగా.

"అది కాదే, ఏటంటే..."

"ఇంటికెల్లాక సెబుదురుగాని."

అంతలో పెద్దావిడ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. అమ్మవారి రోజున పూజ చేసి ఉపవాసంతో వచ్చిన ఇల్లాలు ముందు నడవాలంది. ఆదిలక్ష్మి ఒకసారి పైకి చూసింది. ఏమనుకుందో, చెప్పులు బాబూరావు చేతిలో పెట్టి బయల్దేరింది. వెంట ఆడవాళ్ళు, కొడవళ్ళతో మగవాళ్ళు. బాబూరావు లేవబోయాడు. మోకాలు పట్టేసింది. నాగరాజు పక్కన కూలబడ్డాడు. చాలాసేపటికి శిఖరం మీంచి హుళహుళి వినబడింది.

ఆమె దిగేసరికి ముఖం మారిపోయి ఉంది. కోపం కోసం వెతికితే బాబూరావుకు కనబడలేదు.

"సముద్రం కనపడతాదని సెప్పారంట కదా నాగరాజుగారితో."

బాబూరావు చేతిలోని ఆమె చెప్పుల దుమ్ము దులపసాగాడు.

"కనపడింది. గోపాల్‌పూర్ వైపున సన్నగా, వెండిదారంలాగ. ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పలేదు?"

"నిజంగానా" అన్న మాట అతని గొంతుదాకా వచ్చింది. ఎప్పుడో చూశానని ఊరంతా చెప్పుకున్న మనిషి ఆ మాట ఎలా అడుగుతాడు? మింగేసుకున్నాడు. "మరిచిపోయాను" అన్నాడు.

దిగేటప్పుడు దారి వెతుక్కోనక్కర్లేకపోయింది. ఎక్కిన జనం నరుక్కుంటూ, తొక్కుకుంటూ ఎడ్లబండి పట్టేంత బాట చేసేశారు.

ఆదివారం నడక బృందం అనుకున్న ప్రకారమే కొండకు వెళ్ళింది. ముందు ఆదిలక్ష్మి నడిచింది. అప్పటికే ఆ దారిన చెప్పులతో ఎక్కకూడదని ఊళ్ళో నియమం పుట్టడంతో, బాబూరావు జీడితోట దగ్గర అందరి చెప్పులకూ కాపలా కూర్చున్నాడు.