అటక మీది మామగారు

ఆ ఉదయం అల్లుడుగారి పథకం చాలా చిన్నది. భార్య కుట్టు దుకాణం తెరుస్తోంది. దాని పేజీ ఫోన్లలో కనబడుతోందో లేదో చూసి, కాఫీ తాగి, తన దారిన తాను ఆఫీసుకు పోవాలి. ఆ చోటు ఇదివరకు మామగారి గడియారాల దుకాణం. ఆయన పోయి ఏడాదయింది. "ఇన్నాళ్ళూ గడియారాలాయన కూతురనే పిలిచారండీ. ఇప్పుడైనా జనం నన్ను వెతుక్కుంటూ రావాలి" అంది భార్య. ఆ కోరిక తీర్చడం తనకు చిటికెలో పని అనుకున్నాడు మనవాడు.

అనుకోడూ మరి? దుకాణం వెబ్‌సైటు పేరు ఎవరు వెతికినా దారి చెప్పే నేమ్ సర్వర్లు రెండూ అతను సొంతంగా పెట్టుకున్నవే. మొదటిది తన ఇంట్లో ఉంది. అది మూలపడితే ఆదుకోవడానికి రెండోది బావమరిది ఇంటి అటక మీద. మామగారి పాత పేజీ ఉన్నది కూడా ఆ అటక మీది కంప్యూటర్లోనే. ఇలాంటివి బయటివాళ్ళ చేత చేయించుకోవడం చేతకానివాళ్ళ పని అని అతని గట్టి నమ్మకం.

దుకాణం తలుపు తీయగానే ఒక పెద్దావిడ సంచిలో అలారం గడియారంతో వచ్చింది. పెద్దాయన దుకాణంలోనే ఉన్నానన్నారు, ఏరీ అని అడిగింది. ఆయన లేరని భార్య మెల్లగా చెబితే ఆవిడ ఫోను చూపించింది. దుకాణం పేజీలో, మనిషి ఉన్నాడని తెలిపే ఆకుపచ్చ దీపం, పక్కన మామగారి ముఖం, కింద "షాపులోనే ఉన్నాను, రండి." అల్లుడు గబగబా తన ఫోను తెరిచాడు. అందులో కుట్టుమిషను బొమ్మ, భార్య పేరు నిక్షేపంగా ఉన్నాయి. ఆవిడ ఫోనులో మాత్రం మామగారు చిరునవ్వు చెదరకుండా చూస్తున్నాడు.

కంగారులో మొదటి సర్వరును ఫోనులోంచే ఆపి మళ్ళీ పెట్టాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. అది ఆగిన కాసేపూ వీధివీధంతటికీ మామగారే కనబడ్డాడు. చేతి గడియారాలు, గోడ గడియారాలు పట్టుకుని జనం మెట్లెక్కారు. కొత్త బల్ల మీద గుడ్డలుండాల్సిన చోట గడియారాలు పేరుకున్నాయి. ఏళ్ళ తరబడి ఆగిపోయిందని ఒకాయన తెచ్చిన గడియారం, ఎవరూ ముట్టుకోకుండానే టిక్కుటిక్కుమంది. కూతురి దుకాణం చూడడానికి వచ్చిన అత్తగారు మామగారి స్టూలు తుడిచి యథాస్థానంలో పెట్టింది.

అప్పుడు వెలిగింది అల్లుడి బుర్ర. దయ్యమూ లేదు, భూతమూ లేదని అందరికీ వినబడేలా చెప్పాడు. మార్పు చేసినప్పుడల్లా మొదటిదాంట్లో వరస సంఖ్య ఒకటి పెంచాలి, లేకపోతే రెండోదానికి కబురందదు. భార్య కొత్త పేజీకి దారి మార్చినప్పుడు తను పెంచడం మరిచిపోయాడు. అందుకే అటక మీదది ఇంకా పాత దారే చెబుతోంది.

"మొదటిది బాగానే ఉండగా రెండోది నోరెందుకు విప్పింది?" అంది భార్య.

"నేనూ అక్కడే బోల్తాపడ్డాను. జనం రెండింట్లో ఏది దొరికితే దాన్ని అడుగుతారు."

"పొద్దుట్నుంచీ ఒక్కరు గుడ్డముక్క తేలేదండీ. అందరూ నాన్ననే అడుగుతున్నారు" అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది. అది చూడలేక అతను ఒక్క పరుగున బావమరిది ఇంటికి వెళ్ళి అటకెక్కాడు. కంప్యూటరు మీద వేలెడు దుమ్ముంది. వైరు చుట్టచుట్టి పక్కన పెట్టి ఉంది.

"దాని హోరుకి పాప పడుకోవట్లేదని ఎప్పుడో పీకేశాను బావా. చెప్తే కోప్పడతావని ఊరుకున్నా" అన్నాడు బావమరిది కింద నిచ్చెన పట్టుకుని.

అల్లుడు దాని మీద చెయ్యి వేశాడు. రాయిలా చల్లగా ఉంది. దాన్నలాగే చంకన పెట్టుకుని, భార్యకు ఏం చెప్పాలో తెలియక కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాడు.

దుకాణం ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. ఈసారి అందరి చేతుల్లోనూ బట్టలు. భార్య మెడలో టేపుతో, తలెత్తే తీరిక లేకుండా కొలతలు తీసుకుంటోంది. ముందున్న పెద్దమనిషి ఫోనులో అదే ఆకుపచ్చ దీపం, అదే ముఖం. కింద మాటలే మారాయి: "గడియారాలు ఇక తీసుకోను. బట్టలు మా అమ్మాయికి ఇవ్వండి. నాకంటే పనిమంతురాలు."

అత్తగారు ఆ ఫోను అందుకుని రెండుసార్లు చదివింది.

"బతికుండగా ఈ ముక్క చెప్పడానికి మాత్రం నోరు రాలేదు" అంది.