పొట్టొచ్చిన గోడలు

ఆ రోజు మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తినడం, చెప్పులు కుట్టించుకొస్తానని భార్యకు చెప్పడం, కంటి ఆసుపత్రికి పోయి యంత్రం ముందు కూర్చుని రెండు కళ్ళకూ వెలుగు పట్టించుకోవడం, భోజనాల వేళకి ఏమీ ఎరగనట్టు ఇంటికి రావడం. మొదటి సిట్టింగుకి క్షౌరం సాకు అయిపోయింది, రెండోదానికి స్నేహితుడి జ్వరం అయిపోయింది. మొత్తం తొమ్మిది సిట్టింగులు. ఇవాళ్టిది కాక ఇంకా ఆరు అబద్ధాలు వెతుక్కోవాలి.

వయసుతో వచ్చే జబ్బే. కంటి లోపలి పొర నడిమధ్యలో అరిగిపోతోందట. పసుపు, ఎరుపు వెలుగులు కాసేపు కంటికి చూపిస్తారు. కోతా లేదు, నొప్పీ లేదు. "పోయిన చూపంతా తెచ్చిస్తానని మాటివ్వలేను తాతగారూ. ఉన్నదాన్ని నిలబెట్టడానికి చూద్దాం," అంది డాక్టరమ్మ. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది అంటారా? మీకూ నాకూ అయితే ఏమీ లేదు. కానీ ఈయన నలభై రెండేళ్ళు తాపీ పట్టినవాడు. గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి ఇనప గుండు కట్టి వేలాడదీస్తారు కదా, ఈయన జన్మలో దాన్ని ముట్టుకోలేదు. ఒక కన్ను మూసి రెండో కంటితో చూసేవాడు, అంతే. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసేవాడు. అలాంటి కంటికి వైద్యం జరుగుతోందని నలుగురికీ తెలిస్తే ఇంకేమన్నా ఉందా, మళ్ళీ తలెత్తుకు తిరగగలడా?

అందుకే ఆసుపత్రిలో కూడా ఆయన బింకం తగ్గలేదు. డాక్టరమ్మ గళ్ళ కాగితం చూపించి, గీతలు ఎలా ఉన్నాయని అడిగితే, "మధ్యలో వంకర పోయాయమ్మా. అచ్చు వేసినవాడికి పని రాదు," అని తీర్పు చెప్పి వచ్చాడు. తిన్నని గీతలు వంగినట్టు కనిపించడమే ఈ జబ్బు గుర్తని ఆవిడ చెప్పిన మాట ఆయన చెవికెక్కలేదు.

ఇక ఆ రోజు సంగతి. చెప్పులు చేతపట్టుకుని గుమ్మం దాటబోతుంటే ఫోను మోగింది. కొడుకు మావగారు.

"బావగారూ, మీరొకసారి రావాలి. మేడమీద కడుతున్న గది గోడ మధ్యలో పొట్ట వచ్చినట్టు కనిపిస్తోంది. మీ శిష్యుడేమో తిన్నగానే ఉందంటాడు. రేపు పొద్దున్నే స్లాబు. స్లాబు పడిందంటే ఇంక చేసేదేం లేదు."

శిష్యుడంటే నలభై దాటిన మనిషి. పదకొండేళ్ళు మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ గది పని అతనికి ఇప్పించింది కూడా మేస్త్రీయే. 'నా పేరు చెడగొడతాడా వీడు!' అనుకుంటూ మేస్త్రీ ఆసుపత్రి మాట పక్కన పెట్టి వియ్యంకుడి ఇంటికి పరిగెత్తాడు.

మేడ ఎక్కి, ఒక కన్ను మూసి, గోడ వైపు చూశాడు. సరిగ్గా నడిమిన గోడ నిండు చూలాలిలా ఉంది.

"ఒరేయ్! ఏంట్రా ఇది?"

"తిన్నగానే ఉందండీ గురువుగారూ..." అంటూ శిష్యుడు సంచిలోంచి గుండు తీయబోయాడు.

"నేను నిలబడి చూస్తుండగా గుండు తీస్తావా? నాకంటే దానికి ఎక్కువ తెలుసా?"

శిష్యుడు ఆయన మొహంలోకి ఒక క్షణం చూసి, గుండు మళ్ళీ సంచిలో పడేశాడు.

"నాకూ తిన్నగానే కనిపిస్తోంది అన్నయ్యగారూ," అంది వియ్యపురాలు, తడి చేతులు తుడుచుకుంటూ.

"గోడల సంగతి నీకేం తెలుసు, ఊరుకో!" అన్నాడు వియ్యంకుడు. "బావగారి కన్నూ నా కన్నూ ఒక్కటే చెబుతుంటే!"

గోడ పడింది. దుమ్ము తగ్గాక మేస్త్రీ పక్క గోడ చూశాడు. దానికీ పొట్టే. అదీ పడింది. మూడోది చూశాడు. చూస్తే ఊరుకుంటుందా, అదీ పొట్ట వేసుకునే నిలబడింది. నడుమెత్తు వరకూ ఉంచి, పైదంతా కొట్టించాడు. పదకొండు గంటలకల్లా అది గది కాదు, ఇటుకల కుప్ప. వియ్యంకుడు స్లాబు వాళ్ళకి రావద్దని చెప్పాడు. శిష్యుడితో "రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు," అన్నాడు. అంతటితో ఆగలేదు. శిష్యుడు వచ్చేవారం పని మొదలుపెట్టాల్సిన ఎదురింటివాళ్ళకి పిట్టగోడ మీంచే కేకేసి, "మీరూ జాగ్రత్త!" అని హెచ్చరించాడు. వాళ్ళు అక్కడికక్కడే వేరే మనిషిని చూసుకుంటామన్నారు.

శిష్యుడు పనిముట్లు కడుక్కుంటున్నాడు. అది చూసి మేస్త్రీకి గుండె కలుక్కుమంది. కోపంలో గోడలు కొట్టించాడు గానీ, వాడి నోటి దగ్గర కూడు కొట్టాలనుకోలేదు.

"వాడి తప్పు కాదులెండి బావగారూ. ఇటుకలే సరైనవి కావు," అనేశాడు.

ఆ మాట ఎవరికి చుట్టుకుంటుందో ఆలోచించలేదు. వియ్యంకుడు వెంటనే ఫోను తీసి ఇటుకలమ్మే ఆవిణ్ణి దులిపేశాడు. అరగంటలో ఆవిడ స్కూటీ మీద దిగింది. గట్టి మనిషి. మేడ మెట్లు ఎక్కుతూనే అందుకుంది.

"నా ఇటుకలకి వంక పెట్టిందెవరు? ఇరవయ్యేళ్ళలో ఒక్కరు నోరెత్తలేదు! ఏదీ, ఆ గుండు ఇలా ఇవ్వు!"

శిష్యుడు వద్దు వద్దంటున్నా సంచిలోంచి గుండు లాగి, మిగిలిన నడుమెత్తు గోడ పక్కన వేలాడదీసింది. "చూడండి! దారానికీ గోడకీ వెంట్రుక దూరుతుందా?"

"ఆ గుండు మీద నాకు నమ్మకం లేదు!" అని వియ్యంకుడు అరిచాడు. అందరూ ఆయన మొండితనానికి విస్తుపోయారు.

మేస్త్రీ మాత్రం దారాన్నే చూస్తున్నాడు. కింద శేరు ఇనుము లాగుతున్న దారం. దానికి నడిమధ్య పొట్ట ఉంది. చూపు కిందికి దించాడు. పొట్ట కిందికి దిగింది. పైకెత్తాడు. పొట్టా పైకెక్కింది.

గోడ వంగొచ్చు, మనిషి వంగొచ్చు. బరువు కట్టిన దారం వంగదు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. నేల నోరు తెరిస్తే దూరిపోదామనిపించింది గానీ, మేడమీద ఆ సౌకర్యం కూడా లేదు. ఇప్పుడు కూడా నోరు మూసుకోవచ్చు. మూసుకుంటే పరువు దక్కుతుంది, శిష్యుడి బతుకు పోతుంది.

"ఆ దారం నాకు వంకరగా కనిపిస్తోంది," అన్నాడు. "గోడలు తిన్నవే. నా కళ్ళు పాడయ్యాయి. మూడు వారాలుగా దాస్తున్నాను. ఆసుపత్రిలో వెలుగు పట్టించుకుంటున్నాను. ఇవాళ కూడా పోవాలి. వీడిది గానీ, ఈవిడది గానీ ఏ తప్పూ లేదు."

శిష్యుడు తల వంచుకుని నెమ్మదిగా అన్నాడు. "నాకు తెలుసండీ. మీరు వచ్చే ముందే మూడు గోడలకీ గుండు వేసి చూసుకున్నాను."

"మరి ఎందుకు పడగొట్టావురా?"

"అందరి ముందూ మీ కన్ను తప్పని ఎలా చెప్పనండీ?"

నాలుగు తిట్టినా బాగుండేది. మేస్త్రీ ఇటుకల కుప్ప మీద కూలబడి తువ్వాలు మొహానికి కప్పుకున్నాడు. ఆ తువ్వాలు లోంచే, "రేపట్నుంచి నీ దగ్గర కూలీగా వస్తాను. ఇటుకలు తడుపుతాను. తిడుతూ చేయించుకో," అన్నాడు.

వియ్యంకుడి మొహం పాలిపోయింది. "నాకు... కొంచెం పనుంది," అని గొణిగి, ఎవరి వంకా చూడకుండా గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అయిపోయింది, వియ్యంకుడితో మాటలు పోయాయి, రేపు కోడలి మొహం ఎలా చూడాలి అని మేస్త్రీ కుమిలిపోయాడు. శిష్యుడే ఆయన్ని లేవదీసి, దుమ్ము దులిపి, తన బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

"ఆలస్యమైంది తాతగారూ. లోపల ఒకాయన ఉన్నారు, అయిపోవచ్చింది," అంది నర్సు, తలుపు సగం తెరిచి.

మేస్త్రీ తొంగి చూశాడు. యంత్రానికి గడ్డం ఆనించి, ఎర్రటి వెలుగులో బుద్ధిగా కూర్చున్నది వియ్యంకుడే. వెలుగు ఆరాక ఆయన ఇటు తిరిగాడు.

"ఎన్నోది?" అన్నాడు మేస్త్రీ.

"ఆరోది. మీకు?"

"మూడు."

వియ్యంకుడు కళ్ళు తుడుచుకుని లేచాడు. "మీ శిష్యుణ్ణి మానిపించను. ఎదురింటివాళ్ళకి నేనే వెళ్ళి అంతా చెబుతాను. మీరు చెప్పగలిగారు, నేను మెట్లు దిగి పారిపోయాను. సిగ్గుగా ఉంది."

"అది సరే. మీ కన్ను సంగతి మీకు తెలుసుగా! గోడ చూడమని నన్నెందుకు పిలిచారు?"

"నా కన్ను మీద నమ్మకం లేకే కదా, బావగారూ!"